నాలుగో విజిల్

ఆ రోజుల్లో నాకు ఇంగ్లండు వ్యవసాయం గురించి తెలియని విషయం లేదు. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. నేను విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మట్టి అనేది తులసి కుండీలో తప్ప ఉండేది కాదు (ఆ తులసి కూడా నా చేతుల మీదుగా రెండుసార్లు ఎండిపోయింది). అలాంటి నేను ఇరవై నాలుగేళ్ళ వయసులో, వర్జీనియాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో, కిటికీల్లేని డేటా సెంటర్ల మధ్య మొదటి ఉద్యోగం చేసుకుంటూ, ఏ నెలలో వాన పడితే ఇంగ్లండులో బార్లీ పాడవుతుందో, ఏ కొండ మీద ఏ జాతి గొర్రె నిలబడుతుందో గడగడా చెప్పేవాణ్ణి. దీనికంతటికీ కారణం ఒక టీవీ ప్రోగ్రాం. వారానికొక ఇంగ్లీషు రైతు, వారానికొక కష్టం. ఒకాయన క్యారెట్లు వంకరగా ఉన్నాయని సూపర్ మార్కెట్ వాళ్ళు లారీ వెనక్కి పంపేశారు. ఇంకొకాయన వందేళ్ళుగా తాతల నాటి నుంచి చేస్తున్న పాడి వదులుకుని ఆవుల్ని వేలానికి తోలుకెళ్ళాడు. ఒకావిడైతే పొలంలో కన్నా ఎక్కువసేపు ప్రభుత్వం వాళ్ళ ఫారాలు నింపుతూ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని ఉండేది. ప్రతి ఎపిసోడ్‌లోనూ వాన, బురదలో దిగబడిన ట్రాక్టరు, ఒక విరిగిన గేటు తప్పకుండా ఉండేవి. చివర్లో రైతు తన కుక్కని పక్కన పెట్టుకుని గోడ మీద కూర్చుని ఆకాశంలోకి చూసేవాడు, వెనకనుంచి వయొలిన్ వచ్చేది. ఆ వయొలిన్ మొదలవగానే నేను ఏడ్చేవాణ్ణి. ఒక్క వారం కూడా తప్పలేదు.

అదే ఊళ్ళో మా అక్కాబావలు ఉండేవారు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. బావ ఆఫీసులో ఏం ఉద్యోగం చేసేవాడో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు గానీ, మా వాళ్ళందరికీ ఆయన పోగుల ప్రెసిడెంటు. తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. షాపులో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మే మాంసం మా బావ దృష్టిలో మాంసం కాదు. పన్నెండు ఇళ్ళవాళ్ళు కలిసి నెలకో ఆదివారం ఏదైనా ఫార్మ్‌కి వెళ్ళి, కంటితో చూసి ఒక పొట్టేలునో రెండు పొట్టేళ్ళనో ఎంచుకుని, కోయించి, అక్కడే టార్పాలిన్ పరిచి సమానంగా పోగులు వేసుకోవాలి. ప్రతి పోగులోనూ తొడ ముక్కా, పక్కటెముకా, ఇంత కార్జం ఉండి తీరాలి. బావ చేతి తూకం మీద అందరికీ నమ్మకం. తలకాయ అందరికీ రాదు కాబట్టి దానికి వంతుల లిస్టు ఉండేది. ఆ లిస్టు షేర్డ్ షీట్‌లో పెట్టారు, అయినా ప్రతి నెలా దాని దగ్గర గొడవ జరిగేది. ఒక నెల మెటర్నిటీ లీవ్‌లో ఉన్న ఒకావిడ పేరు పొరపాటున కిందికి జరిగిందని రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి కూడా.

మేము వెళ్ళే ఫార్మ్ ఆష్‌బర్న్‌కి పడమట, కొండలు మొదలయ్యే చోట, గంట డ్రైవ్‌లో ఉండేది. దాని యజమానిని మేం దొర అనేవాళ్ళం. నిజంగానే ఇంగ్లండు దొర. అరవై దాటాయి. ఎర్రటి ముఖం, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మొదటిసారి ఆయన నోటినుంచి ఆ యాస విన్నప్పుడు నా గుండె లయ తప్పింది. టీవీలోంచి దిగి వచ్చినట్టున్నాడు మనిషి. నేను వెంటనే ఆయన దగ్గరకి వెళ్ళి, ఈ ఏడు మీ వైపు వానలు ముందే మొదలయ్యాయట, గడ్డి కోతకి ఇబ్బందే కదా అన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూసి, నువ్వు గడ్డి ఎప్పుడైనా కోశావా అని అడిగాడు. లేదు, చూశాను అన్నాను. ఎక్కడ చూశానో చెప్పాక ఆయన నవ్విన నవ్వుకి కొట్టంలో కోళ్ళు లేచిపోయాయి. అప్పటినుంచీ మాకు స్నేహం కుదిరింది.

దొర సంగతి నెలకింత చొప్పున తెలిసింది. వాళ్ళది ఇంగ్లండులో ఉత్తరాన కొండ మీద కౌలు పొలం, మూడు తరాలుగా గొర్రెలే. ఉన్ని అమ్మితే కత్తిరించినవాడి కూలి కూడా రాని రోజులు వచ్చాయట. గొర్రెపిల్లల ధర కొనేవాడే చెప్పేవాడు, దాణా ధర అమ్మేవాడే చెప్పేవాడు, మధ్యలో ఈయన తలూపేవాడు. తండ్రి పోయాక ఆయనా, ఆయన అక్కా కలిసి కొన్నేళ్ళు ఈడ్చారు. తరవాత ఈయన కౌలు వదిలేసి, అమెరికన్ భార్య పుట్టింటివాళ్ళ పొలం చూసుకోవడానికి ఇక్కడికి వచ్చేశాడు. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంగ్లండులో అక్క మాత్రం తన వంతు గొర్రెల్ని ఇంకోచోట మేపుకుంటూ ఉండిపోయి, గొర్రెల్ని వదిలేసి పోయేవాడు రైతు కాడు అని చెప్పి మాట్లాడ్డం మానేసింది. ఏటా క్రిస్మస్‌కి ఆవిడ నుంచి ఒక కార్డు వచ్చేది. లోపల అచ్చు వేసిన మాటల కింద ఆవిడ పేరు, అంతే. దొర ఆ కార్డులన్నీ వంటింటి అద్దం చుట్టూ దోపి పెట్టుకున్నాడు. తొమ్మిది ఉన్నాయి, నేను చూశాను.

మేము రాకముందు ఆయన ఫార్మ్ కూడా అంతంతమాత్రంగానే నడిచేదట. మేము వచ్చాక మారింది. మొదటి నెల మావాళ్ళు తలకాయా, కాళ్ళూ, బోటీ అన్నీ కావాలని అడిగినప్పుడు ఆయన వీళ్ళకేమైనా క్షుద్రపూజలున్నాయా అని భయపడ్డాడట. ఏడాది తిరిగేసరికి వైట్‌బోర్డు మీద ఎవరి వంతు తలకాయ అన్నది ఆయనే రాసి పెట్టేవాడు. పోగు అనే మాటని చక్కగా పలికేవాడు. ఒకళ్ళు చెప్పి ఇంకొకళ్ళు, మా పన్నెండిళ్ళ తరవాత ఇంకో మూడు జట్లు తయారయ్యాయి, ఆదివారాలు ఆయనకి తీరిక ఉండేది కాదు.

పోగులయ్యాక అక్కడే వంట. అది మా అక్క డిపార్ట్‌మెంటు. కొట్టం వెనక గడ్డి షెడ్డులో ఒక మూల శుభ్రం చేసి గ్యాస్ స్టవ్ పెట్టేది, పది లీటర్ల కుక్కర్‌లో మాంసం వేసేది. పన్నెండిళ్ళవాళ్ళూ ఆ నెలలో మిగిలిన కాలీఫ్లవర్ ఆకులూ, క్యాబేజీ పై ఆకులూ, బఠాణీ తొక్కలూ సంచుల్లో తెచ్చేవారు, గొర్రెలకి వెయ్యడానికి. పిల్లలు స్టవ్ దగ్గర పరుగులు పెడుతున్నారని అక్క ఒక రూలు పెట్టింది, కుక్కర్ విజిల్స్ వేసేదాకా ఎవరూ కదలకూడదు, విజిల్ వినపడ్డాకే సంచులు తీసుకుని కంచె దగ్గరకి వెళ్ళాలి అని. ఆ రూలు పిల్లలతోపాటు ఇంకెవరు నేర్చుకున్నారో ఎవరూ గమనించలేదు. నేను గమనించాల్సింది. ప్రతి నెలా నా కళ్ళ ముందే జరిగింది. కానీ నేను గొర్రెల్ని టీవీలో మాత్రమే శ్రద్ధగా చూసేవాణ్ణి.

అక్టోబరు పోగుల రోజున దొర నన్ను పక్కకి పిలిచి ఒక ఈమెయిల్ చూపించాడు. చదివి నేను అక్కడే గడ్డిమోపు మీద కూర్చుండిపోయాను. నా ప్రోగ్రాం. నా వయొలిన్ ప్రోగ్రాం. ఇంగ్లండులో వ్యవసాయం చెయ్యలేక దేశం వదిలిపోయిన రైతుల మీద ఒక ఎపిసోడ్ తీస్తున్నారట, వచ్చే నెల వర్జీనియా వచ్చి దొరని షూట్ చేస్తారట. నేను ఎగిరి గంతేశాను (ఇది మాటవరసకి అనడం కాదు, బావ సాక్షి). దొర మాత్రం నెమ్మదిగా చెప్పాడు, నాకు టీవీలో కనపడాలని లేదు, ఒక్కందుకు ఒప్పుకున్నాను అని. ఇంగ్లండులో వాళ్ళక్క ఆ ప్రోగ్రాం ప్రతి వారం చూస్తుందని ఊరివాళ్ళెవరో చెప్పారట.

"నేను ఇంకా రైతునేనని ఆవిడ చూడాలి. నా మాట వినదు. టీవీ మాట వింటుందేమో," అన్నాడు.

నాకు ఆ మాట బాగానే వినపడింది. అయితే అప్పటికే నా బుర్రలో ఇంకో లెక్క నడుస్తోంది. దొర పక్కన, కంచె దగ్గర, రబ్బరు బూట్లలో నేను. కనీసం పది సెకన్లు. అమ్మకి లింకు పంపాలి. ఇంటర్‌లో నన్ను ఎందుకూ పనికిరావన్న ఫిజిక్స్ సార్‌కి కూడా ఎలాగైనా పంపాలి. ఆ నెలంతా ఆఫీసులో నేను సర్వర్ల గ్రాఫులు చూడలేదు. దొర కొన్న దుకాణానికే వెళ్ళి, ఆయన వేసుకునే రంగులోనే రబ్బరు బూట్లు కొన్నాను. మరీ కొత్తగా ఉన్నాయని అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కనున్న బురదలో నాలుగు రోజులు తొక్కాను. మెయింటెనెన్స్ ఆయన వచ్చి అంతా ఓకేనా అని అడిగి వెళ్ళాడు.

షూటింగ్ నవంబరులో, సరిగ్గా మా పోగుల ఆదివారమే పడింది. వద్దామా మానుదామా అని గ్రూపులో చర్చ జరిగింది. దొరే పట్టుబట్టి రమ్మన్నాడు. మీరు లేకపోతే నేను చూపించడానికి ఏముంది అన్నాడట బావతో. ఇక చూడండి, మామూలుగా ఇంటికొకరు, వెంట ఒకరిద్దరు పిల్లలు వచ్చే పోగులకి ఆ రోజు కుటుంబాలకి కుటుంబాలు దిగాయి. పద్నాలుగు కార్లు, నలభై మంది దాకా జనం. ఒకావిడ పట్టుచీర కట్టుకొచ్చింది. బావ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నాడు, సన్నగా జల్లు పడుతున్నా తియ్యలేదు. పది గంటలకల్లా పోగులు పడిపోయాయి, అక్క స్టవ్ వెలిగించింది. అప్పుడు వచ్చారు టీవీ వాళ్ళు, ముగ్గురు. కెమెరా ఆయన, మైకు ఆయన, డైరెక్టరమ్మ. ఆవిడకి నా వయసే ఉంటుంది, లండన్ నుంచి వచ్చింది. కారు దిగి ఆకాశం చూసి, జల్లు చూసి, చక్కగా మా ఊరిలాగే ఉంది అని సంతోషపడింది. తరవాత మమ్మల్ని చూసింది. ఆవిడ ముఖంలో సంతోషం కాస్త తగ్గింది.

ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది, ఆ మర్యాదే నన్ను ముంచింది. వీళ్ళంతా ఎవరని దొరని అడిగింది. ఆయన గర్వంగా, నా కస్టమర్లు, నా స్నేహితులు అన్నాడు. ఆవిడ బావుంది బావుంది అంటూనే ఎపిసోడ్ గురించి వివరించింది. పొలం పోగొట్టుకున్న మనిషి, పరాయి దేశం, ఒంటరి కొండ, అదీ కథ. చూసేవాళ్ళ మనసు ఆ ఒంటరితనం దగ్గర ఆగాలి. ఈ కార్లూ, ఈ పట్టుచీరా ఉంటే ఆగదు. ఒక్క గంటసేపు వీళ్ళంతా షెడ్డు వెనక్కి వెళ్ళి, కార్లు కూడా అటువైపు పెట్టి, చప్పుడు చెయ్యకుండా ఉండగలరా అని అడిగింది. దొర టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఈ ప్రోగ్రాం నీకు బాగా తెలుసు కదా. అలా తీస్తేనే బావుంటుందా?"

నన్ను అడిగాడు. నలభై మందిలో నన్ను. ఆయన వంటింటి అద్దం చుట్టూ ఏ కార్డులున్నాయో తెలిసినవాణ్ణి, ఆయన ఏం చూపించాలని మమ్మల్ని రమ్మన్నాడో తెలిసినవాణ్ణి. డైరెక్టరమ్మ కూడా నా వైపే చూస్తోంది. నేను, చాలా అనుభవం ఉన్నవాడిలా కళ్ళు చికిలించి, అవును, అలాగే బావుంటుంది అన్నాను. ఇప్పటికీ ఒక్కోసారి షవర్‌లో ఆ మాట గుర్తొచ్చి పైకే ఛీ అనుకుంటాను. దొర తలూపి కోటు సర్దుకున్నాడు.

తరవాత గంటా నేను మనిషిని కాను. పద్నాలుగు కార్లనీ షెడ్డు వెనక్కి పెట్టించాను. పెద్దవాళ్ళని గడ్డిమోపుల మీద, పిల్లల్ని ఐప్యాడ్ల ముందు కూర్చోబెట్టాను. వైట్‌బోర్డు మీద తలకాయ లిస్టుకి గోనెసంచి కప్పాను. అంతటితో ఊరుకున్నా బావుండేది. ఫ్రేము చూసి, ఏదో లోటుగా ఉందే అనుకున్నాను. ఏమిటా అని ఆలోచిస్తే తట్టింది, విరిగిన గేటు లేదు. దొర గేట్లన్నీ నిక్షేపంలా ఉండేవి. నేను వెళ్ళి కారులోంచి స్పానర్ తెచ్చి, గొర్రెల పొలానికీ వాకిలికీ మధ్యనున్న గేటుకి పై మడతబందు బోల్టు ఊడదీశాను. గేటు ఒక పక్కకి ఒరిగి దీనంగా వేలాడింది. డైరెక్టరమ్మ చూసి, అద్భుతం అంది. నా జన్మ ధన్యమైంది.

మిగిలింది కుక్కర్. అప్పటికి మూడు విజిల్స్ వేసింది. స్టవ్ ఆపెయ్యమని గుసగుసగా చెప్పాను.

అక్క తల కూడా ఎత్తలేదు. "ముదురు మాంసం రా. ఏడు విజిల్స్ రావాలి. ఇప్పుడు ఆపితే నువ్వు తింటావా ఆ రబ్బరు?"

"షూటింగ్ అక్కా. విజిల్ వస్తే మొత్తం పోతుంది."

"నీ షూటింగ్ ఆపుకో."

చివరికి బేరం కుదిరింది. మంట బాగా సన్నం చేసేస్తే అరగంట దాకా విజిల్ రాదు, మాంసమూ మగ్గుతుంది. నేను ఇంజనీరునే కదా, మూడో విజిల్ ఎప్పుడొచ్చిందో అడిగి, ఫోన్‌లో లెక్క వేసి, టైమర్ పెట్టుకున్నాను. కాపలాకి బావని కూర్చోబెట్టి, నేను షెడ్డు మూలనుంచి తల మాత్రం బయటపెట్టి చూస్తున్నాను. తల బయటపెట్టిన కోణం కూడా కెమెరాకి అందేలా చూసుకున్నానని ఒప్పుకోవాలి.

షూటింగ్ మొదలైంది. దొర ఒరిగిన గేటు పక్కన నిలబడ్డాడు. వెనక పచ్చటి పల్లం, అక్కడక్కడా గొర్రెలు, జల్లు, మంచు కప్పిన కొండ. సరిగ్గా నా ప్రోగ్రాంలాగే ఉంది. డైరెక్టరమ్మ మెల్లిగా ప్రశ్నలు వేస్తోంది. పొలం వదిలిన రోజు గుర్తుందా అంది. దొర చెప్పడం మొదలుపెట్టాడు. ఆఖరి గొర్రెని లారీ ఎక్కించాక కూడా కుక్క కాసేపు పల్లం చుట్టూ తిరిగి వెతికిందని చెప్పాడు. ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. ఆ తరవాత ఆవిడ అడిగింది, ఇక్కడ ఒంటరిగా అనిపిస్తుందా అని. దొర షెడ్డు వైపు చూశాడు. నోరు తెరిచి, మూశాడు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, నేనేమో అలా చెప్తేనే బావుంటుందని చెప్పి ఉన్నాను. అప్పుడు నాకు తెలిసింది నేనేం చేశానో. అప్పుడే, ఆయన అలా తేల్చుకోలేక నిలబడినప్పుడే, కుక్కర్ నాలుగో విజిల్ వేసింది.

మామూలు విజిల్ కాదది. నా లెక్క ప్రకారం ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. వెనక్కి తిరిగి చూస్తే మంట భగభగమంటోంది. (సన్నంగా ఉంటే ఆరిపోతుందేమోనని పెంచాను అన్నాడు బావ తరవాత, ఆ కూలింగ్ గ్లాసెస్‌లో అసలు మంట కనపడలేదట.) ఆ కూతకి పల్లంలో గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. (మొదటి మూడింటికీ కంచె దాకా వచ్చి, ఆ హడావిడిలో ఎవరూ ఆకులు వెయ్యకపోతే వెనక్కి వెళ్ళాయని తరవాత తెలిసింది.) ఒక్క క్షణం అవి మా వైపూ, మేము వాటివైపూ చూసుకున్నాం. తరవాత ఎనభై గొర్రెలు కాలీఫ్లవర్ ఆకుల కోసం పరుగెత్తుకొచ్చాయి. నేను బోల్టు ఊడదీసిన గేటుని ముందు పొట్టేలు ఒక్క పోటు పొడిచి పడగొట్టింది. మంద మొత్తం దొరకి రెండు పక్కలనుంచీ పారింది. మైకు ఆయన తన కర్రని పైకెత్తి పట్టుకుని గిరగిరా తిరిగాడు. కెమెరా ఆయన పడిపోయాడు గానీ షూట్ చెయ్యడం ఆపలేదు. అవన్నీ తిన్నగా షెడ్డు వెనక్కి వచ్చి నలభై మందినీ చుట్టుముట్టాయి, పట్టుచీర ఆవిడ గడ్డిమోపులెక్కింది. లోపల కుక్కర్‌లో ఏం ఉడుకుతోందో వాటికి తెలియదు పాపం, ఎంత నమ్మకంగా వచ్చాయో. పిల్లలు సంచులు తీసుకుని, రూలు ప్రకారం, ఆకులు వెయ్యడం మొదలుపెట్టారు.

దొర వాకిట్లో ఒక్కడే నిలబడి ఉన్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. కాస్త తేరుకుని డైరెక్టరమ్మతో చెప్పాడు.

"ఒంటరిగా ఉందా అని అడిగావు కదా. రా, చూపిస్తాను."

ఆ తరవాతి రెండు గంటల్లాంటి గంటలు నా జీవితంలో మళ్ళీ రాలేదు. కెమెరా షెడ్డు వెనక్కి వచ్చింది. దొర ఒక్కొక్కళ్ళనీ పరిచయం చేశాడు. గోనెసంచి తీసి తలకాయ లిస్టు చదివాడు. పోగు అంటే ఏమిటో కెమెరాకి వివరించాడు, అందులో కార్జం తప్పకుండా ఉండాలని కూడా చెప్పాడు. కెమెరా ఆయన కార్జం వేపుడు మూడుసార్లు పెట్టించుకున్నాడు. డైరెక్టరమ్మ మాంసం ముట్టదని తేలితే అక్క పులిహోర పెట్టింది, ఆవిడ తింటూ తింటూ నోట్స్ రాయడం మర్చిపోయింది. నన్ను కూడా తీశారు. దొర నా భుజం మీద చెయ్యి వేసి, ఇతనికి ఇంగ్లండు వ్యవసాయం అంతా తెలుసు అని చెప్పాడు. నేను వానల గురించి రెండు మాటలు మాట్లాడాను. పది సెకన్లు ఏమిటి, నిమిషం పైనే తీశారు. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పమని.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆ ఎపిసోడ్ వచ్చింది. అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో పెద్ద తెర కట్టి అందరం కూర్చున్నాం. దొర రాలేదు, గొర్రెలు ఈనే రోజులు. వాన పడింది, ట్రాక్టరు దిగబడింది (అది దొర ట్రాక్టరు కూడా కాదు, ఎక్కడిదో), ఒరిగిన గేటు పక్కన దొర కనపడ్డాడు. కుక్క సంగతి చెప్పాడు. ఒంటరిగా ఉందా అన్న ప్రశ్న వచ్చింది, ఆయన నోరు తెరిచి మూశాడు. ఆ మౌనాన్ని అలాగే ఉంచేశారు. తరవాత మంద పరుగెత్తింది, గేటు పడిపోయింది. వెనకనుంచి ఒక గంభీరమైన గొంతు, చివరికి గొర్రెలు కూడా ఆయన్ని వదిలి పారిపోతున్నాయి అన్నట్టుగా ఏదో చెప్పింది. వయొలిన్ వచ్చింది. అయిపోయింది. పోగుల్లేవు, పులిహోర లేదు, పట్టుచీర లేదు, నేను లేను. నలభై మందిలో ఒక్కళ్ళం కూడా లేము. మేమున్నామని చెప్పడానికి మిగిలింది ఒక్కటే. మంద పరుగెత్తే ముందు, ఆ మౌనంలో, సన్నగా, ఎక్కడో రైలు కూసినట్టు కుక్కర్ విజిల్. దాన్ని వాళ్ళు రైలే అనుకుని ఉంచేసి ఉంటారు.

మొట్టమొదటిసారి ఆ వయొలిన్‌కి నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ గేటు విరగలేదు, నేను ఊడదీశాను. ఆ మనిషి ఒంటరి కాదు, నేను దాచాను. తొమ్మిదేళ్ళుగా మాట్లాడని వాళ్ళక్క ఇప్పుడు ఇది చూసి ఏమనుకుంటుంది? ఆయన గురించి తను అన్న మాటే నిజమైందనుకుంటుంది. బావ నా వైపు చూసి, టీవీ అంతే కదరా బామ్మర్దీ అన్నాడు మెల్లిగా. నేను ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి ఫార్మ్‌కి వెళ్ళాను. క్షమించమని అడగాలి, ఏ మాటలతో అడగాలో గంటసేపు డ్రైవ్ చేస్తూ నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను.

దొర వంటింట్లో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, కూర్చో అని చేత్తో సైగ చేశాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మాట్లాడ్డం కన్నా వినడమే ఎక్కువగా ఉంది. అరగంట కూర్చున్నాను. ఒకచోట నన్ను చూపిస్తూ, గేటు ఊడదీసింది వీడే, ఇక్కడే ఉన్నాడు అన్నాడు. ఫోన్‌లోంచి ఒక ముసలావిడ నవ్వు పెద్దగా వినపడింది. కోళ్ళు లేచిపోయే ఆ నవ్వు వాళ్ళింటి నవ్వన్నమాట.

ఫోన్ పెట్టేశాక ఆయన అద్దం చుట్టూ ఉన్న కార్డుల వైపు తిరిగి చెప్పాడు. ఎపిసోడ్ అయిన పది నిమిషాలకి వాళ్ళక్క ఫోన్ చేసిందట. హలో కూడా అనలేదట.

"ఆ గొర్రెలు పారిపోవడం లేదు. గొర్రెలు పారిపోతే చెదురుతాయి. అలా ఒక్క ముద్దగా ఎప్పుడొస్తాయి? తిండి పెట్టే చెయ్యి తెలిసినప్పుడు వస్తాయి. నీ మందని ఎవరు మేపుతున్నారు? ఆ విజిల్ ఏమిటి?"

ఆ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఆయనకి గంటన్నర పట్టింది. గొర్రెలు బలంగా ఉన్నాయని కూడా అందట. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదట. నేను దారి పొడుగునా తయారు చేసుకున్న నాలుగు రకాల క్షమాపణల్లో ఒక్కటీ బయటికి రాలేదు. ఆయన ముందు కూర్చుని ఏడ్చేశాను, వయొలిన్ లేకుండానే. ఆయన కంగారుపడి టీ పెట్టాడు.

అప్పటిదాకా దొర తాడుతో కట్టి నిలబెట్టిన గేటుని ఆ రోజే నేను స్పానర్ తీసుకుని వెళ్ళి మళ్ళీ బిగించాను. జీవితంలో గేటు బిగించడం అదే మొదటిసారి, రెండు అంగుళాలు వంకరగా బిగిసింది. ఆ వేసవిలో బావ ఇంగ్లండుకి ఒక ఐదు లీటర్ల కుక్కర్ పంపించాడు. ఆ అక్కగారు దాన్ని వంటకి వాడుతోందో గొర్రెల్ని పిలవడానికి వాడుతోందో మాకు ఖచ్చితంగా తెలియదు, కానీ రబ్బరు రింగు అరిగిపోయిందని రెండేళ్ళకొకసారి కబురొస్తుంది, మా అక్క పంపిస్తుంది.

ఇప్పుడు నాకు ముప్పై మూడు. పొట్ట వచ్చింది, ఇంటి మీద లోన్ ఉంది, పోగుల జట్టులో నా పేరు మీద ఒక పోగు ఉంది. బావ ప్రెసిడెంటు పదవి ఇంకా వదల్లేదు. ఆ ప్రోగ్రాం ఇప్పటికీ చూస్తాను, అయితే మనుషుల ముఖాలు వదిలేసి వెనకాల గొర్రెలు ఎలా ఉన్నాయో చూస్తాను. ఫార్మ్‌లో ఆ గేటు ఇంకా అలాగే ఉంది. తెరవాలంటే కాస్త పైకెత్తి తొయ్యాలి, లేకపోతే నేలకి గీరుకుంటుంది. సరిగ్గా బిగిస్తానని ఎన్నిసార్లు అడిగినా దొర ఒప్పుకోడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ గేటుకేమైందని అడిగితే, టీవీలో పడాలని ఒక కుర్రాడు ఊడదీశాడు అని చెప్పి నా వైపు చూస్తాడు. వాళ్ళూ నన్ను చూస్తారు, నమ్మరు. నేను గేటు పైకెత్తి తోసి దారి ఇస్తాను. కొత్త బూట్లు బురదలో తొక్కుకుంటూ ఎంత హడావిడి పడ్డాడో ఆ కుర్రాడు. వాణ్ణి తిడదామనే అనుకుంటాను ప్రతిసారీ. ఈలోగా షెడ్డు వెనకనుంచి మొదటి విజిల్ వస్తుంది, పల్లంలో తలలన్నీ లేస్తాయి, నేను గబగబా గేటు తెరిచి పక్కకి తప్పుకుంటాను.